డెక్‌కూ మెట్లకూ కేబుల్ రెయిలింగ్: ఆరేళ్ల వాడకం తర్వాత

కేబుల్ రెయిలింగ్ అంటే పోస్టుల మధ్య అడ్డంగా స్టీలు తాళ్లు బిగించి కట్టే రెయిలింగ్. ముందు కొలతలు. న్యూజెర్సీలో ఇంటి వెనక డెక్ (చెక్క వేదిక), 16 అడుగులకు 12. ప్రెషర్ ట్రీటెడ్ పైన్ కర్ర, నేల నుంచి 52 అంగుళాల పైచిలుకు ఎత్తు, దిగడానికి ఏడు రైజర్ల (మెట్టుకూ మెట్టుకూ మధ్య నిలువు ఎత్తు) మెట్లు. మెట్ల కోసం వదిలిన నాలుగు అడుగులు పోను మూడు వైపులా పన్నెండేసి అడుగుల రెయిలింగ్, మెట్లకు రెండు పక్కలా ఆరున్నర అడుగుల చొప్పున. ఎత్తు 36 అంగుళాలు. కేబుల్ 1/8 అంగుళం మందం, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. డెక్ మీద పది వరసలు, మెట్ల మీద తొమ్మిది.

ఆరు చలికాలాలు గడిచాయి. కేబుళ్లలో ఒక్కటీ తెగలేదు, ఒక్కటీ మార్చలేదు. ఇబ్బంది పెట్టినవన్నీ కర్ర పనులే. కొనేవాళ్లు కేబుల్ బ్రాండు గురించి వారం రోజులు వెతుకుతారు, పోస్టుల గురించి పది నిమిషాలు కూడా ఆలోచించరు. అసలు బరువంతా పడేది పోస్టు మీదే.

లెక్క చూడండి. ఒక్కో కేబుల్‌ను సుమారు 225 పౌన్ల బిగువుకు లాగాలి. పది వరసలంటే 2,250 పౌన్లు, అంటే టన్ను పైమాటే. ఆ టన్ను రాత్రీ పగలూ చివరి పోస్టును లోపలికి లాగుతూనే ఉంటుంది. మధ్య పోస్టులకు ఈ బాధ లేదు, కేబుల్ వాటిలోంచి జారిపోతుంది, వాటి పని ఎడం నిలబెట్టడమే. చివరి పోస్టు పావు అంగుళం వంగినా చాలు, పై వరసలన్నీ వదులవుతాయి. చివరి కేబుల్ బిగించేసరికి మొదట బిగించింది వేలాడిపోవడం చాలామంది చూసే వింత. కారణం ఇదే: కేబుల్ సాగలేదు, పోస్టు వంగింది.

అందుకే చివరి పోస్టులకు 6×6 (పేరుకు ఆరంగుళాల చదరపు) కర్ర వాడండి. మా డెక్ మీద చివర్లకు కూడా 4×4లే పెట్టాం. బిగించిన మొదటి ఏడాదే ఇంటి గోడ దగ్గరి పోస్టు పైభాగం మూడు ఎనిమిదో వంతుల అంగుళం లోపలికి వచ్చింది. దానికి జోడీగా ఇంకో 4×4 చేర్చి బోల్టులు వేస్తే గానీ ఆగలేదు. పోస్టును రిమ్ జాయిస్టుకు (డెక్ అంచు దూలానికి) లోపలి నుంచి అర అంగుళం బోల్టులు రెండింటితో బిగించి, హోల్డ్‌డౌన్ బ్రాకెట్‌తో జాయిస్టుకు కట్టాలి, వెనక అడ్డ దిమ్మలు వేయాలి. లాగ్ స్క్రూలతో సరిపెడితే ఎప్పటికైనా ఊగుతుంది. పోస్టు అడుగున గాడి కోసి రిమ్ మీద కూర్చోబెట్టే పాత పద్ధతి వద్దు. 4×4 పోస్టుకు అలా గాడి పెట్టకూడదని 2021 ఐఆర్‌సీలో (అమెరికాలో ఇళ్ల నిర్మాణ కోడ్) రాసే ఉంది. బోల్టులు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి మందంగా పూత వేసినవి) అయి ఉండాలి. ట్రీటెడ్ కర్రలో ఉండే రాగి మామూలు జింకు పూతను తినేస్తుంది.

పై రెయిల్ పోస్టుల మీద పడుకోబెట్టిన పలక మాత్రమే అయితే చాలదు. పోస్టుకూ పోస్టుకూ మధ్య ఒరుసుకునేలా ఒక 2×4 అడ్డంగా ఇరికించాలి. పోస్టులు దగ్గరకు రాకుండా నెట్టి పట్టేది అదే. దాని మీద 2×6 పలక. పేరుకు రెండంగుళాలైనా ఒక్కోదాని అసలు మందం ఒకటిన్నరే కాబట్టి ఈ రెండూ కలిసి మూడు అంగుళాలు, మిగిలిన 33 అంగుళాల్లో పది కేబుళ్లు వేస్తే సందు సరిగ్గా మూడేసి అంగుళాలు వస్తుంది.

నాలుగు అంగుళాల గుండు, అంటే ఒలిచిన చిన్న కొబ్బరికాయంత, డెక్ మీద ఏ సందులోంచీ దూరకూడదన్నది కోడ్ నిబంధన. మరి మూడు అంగుళాలకే ఎందుకు వేయాలి? కేబుల్ అంటే ఇనుప కడ్డీ కాదు, నెడితే పక్కకు జరుగుతుంది. పోస్టుల మధ్య దూరం నాలుగు అడుగులుంటే మధ్యలో సందు ఇంకా వెడల్పవుతుంది. మా దగ్గర పోస్టులు నాలుగేసి అడుగులకు ఉన్నాయి. మొదట సరిగ్గానే ఉంది, కర్ర ఎండి బిగువు తగ్గాక గుండు దూరిపోయింది. పోస్టుకూ పోస్టుకూ నడుమ సన్నటి స్టీలు పట్టీ ఒకటి, ముందే రంధ్రాలు వేసి వచ్చేది, నిలబెడితే సమస్య తీరింది. మళ్లీ కడితే పోస్టులు మూడు అడుగులకే వేస్తాం. చూపుకు అడ్డమనుకుంటారు గానీ రెండో రోజు నుంచి కన్ను పట్టించుకోదు.

కర్ర గురించి ఇంకొక్క మాట. దుకాణంలో కొన్న ట్రీటెడ్ పైన్ నీళ్లు కారేంత పచ్చిగా ఉంటుంది. ఆ పచ్చి మీదే కేబుల్ బిగిస్తే ఎండే కొద్దీ పోస్టు మెలితిరుగుతుంది, కుంచించుకుపోతుంది, బిగువు పోతుంది. ట్రీట్‌మెంట్ తర్వాత బట్టీలో ఆరబెట్టిన రకం దొరుకుతుంది. ధర ఎక్కువే అయినా పోస్టులకు మాత్రం అదే కొనండి. లేదంటే పోస్టులు నిలబెట్టి రెండు మూడు నెలలు ఎండనిచ్చి తర్వాత కేబుళ్ల పని పెట్టుకోండి. ఈలోపు తాత్కాలికంగా చెక్క పట్టీలు కొట్టుకోవాలి.

సామాను: డెక్ మీద 30 ముక్కలు, మెట్లకు 18, మొత్తం 48 కేబుళ్లు. ఒక్కోదానికి రెండు ఫిట్టింగులు (కేబుల్ చివరను పోస్టుకు పట్టి ఉంచేవి), అంటే 96. కేబుల్ 500 అడుగుల రీలు ఒకటి సరిపోయింది గానీ చివరికి మిగిలింది చాలా తక్కువ, రెండు మూడు ముక్కలు తప్పు కోస్తే ఇంకో చుట్ట కొనాల్సిందే. ఖర్చులో సింహభాగం ఫిట్టింగులదే, కేబుల్‌ది కాదు. కాబట్టి పొడవాటి వరసను మధ్య పోస్టుల్లోంచి ఒకే ముక్కగా తీసుకెళ్తే డబ్బు మిగులుతుంది. మూల దగ్గర మాత్రం ఆశపడొద్దు. ఒకే పోస్టులో రెండు వైపుల నుంచీ వచ్చే ఫిట్టింగులు లోపల ఒకదానికొకటి గుద్దుకుంటాయి. మూలకు రెండు పోస్టులు పక్కపక్కన వేయడం శుభ్రమైన పని. అది కుదరకపోతే ఒక వైపు రంధ్రాలన్నీ అర అంగుళం కిందకు దించాలి.

కేబుల్ 1×19 అల్లిక అయి ఉండాలి. 19 తీగలు కలిసి ఒకే తాడుగా మెలిపడి గట్టిగా, నున్నగా ఉంటుంది, తక్కువ సాగుతుంది. 7×19 రకం మెత్తగా వంగుతుంది, కప్పీల మీద తిరిగే పనులకు బావుంటుంది, రెయిలింగ్‌కు కాదు.

రంధ్రాల దగ్గర తొందర పనికిరాదు. పోస్టులు నిలబెట్టక ముందే ఒక గట్టి చెక్క పట్టీ మీద పది గుర్తులు కొలిచి, డ్రిల్ ప్రెస్సుతో నిటారుగా రంధ్రాలు వేసి, దాన్నే అచ్చుగా ప్రతి పోస్టుకూ బిగించి వేశాం. 1/8 కేబుల్‌కు మధ్య పోస్టుల్లో 3/16 అంగుళం రంధ్రం చాలు. చేత్తో ఉజ్జాయింపుగా వేస్తే బిట్టు కర్ర నార వెంట జారి అవతలి పక్క పావు అంగుళం తేడాతో తేలుతుంది. ఆ వంకర ఆరేళ్లైనా కంటికి కొడుతూనే ఉంటుంది.

ఇక ఒక్క కేబుల్ బిగించడం. కోయాల్సిన చోట మాస్కింగ్ టేపు చుట్టి, టేపు మధ్యలో కేబుల్ కట్టర్‌తో ఒక్క దెబ్బలో కోయాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో కోస్తే చివర చీపురులా విచ్చుకుంటుంది, ఫిట్టింగులోకి దూరదు. స్క్రూ ఫిట్టింగు ఉన్న చివరను ముందు బిగించి, కేబుల్‌ను పోస్టుల్లోంచి లాగి, రెండో చివర టెన్షనర్‌లోకి (నట్టు తిప్పి బిగువు పెంచే ఫిట్టింగులోకి) తోయాలి. మేం వాడింది లోపల పళ్లతో పట్టుకునే రకం. ఒకసారి లోపలికి వెళ్తే వెనక్కి రాదు. ఎంత లోతు వెళ్లాలో ముందే కేబుల్ మీద మార్కర్‌తో గీత పెట్టుకోవాలి, గీత మునిగితేనే పట్టు సరిగా పడినట్టు. గీత పైకి కనబడుతుండగా బిగిస్తే నాలుగో నెలలోనో ఐదో నెలలోనో టప్పున ఊడుతుంది. టెన్షనర్ నట్టు తిప్పేటప్పుడు రబ్బరు ముక్క అడ్డం పెట్టిన గ్రిప్ ప్లయర్‌తో కేబుల్‌ను పట్టుకోవాలి, లేకుంటే నట్టుతో పాటు కేబుల్ కూడా తిరిగి 19 తీగల మెలి విడిపోతుంది.

స్టెయిన్‌లెస్ నట్టుకు ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టారంటే అయిపోయింది. వేడికి మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆపైన కోసి పారేయడమే. మరలకు యాంటీ సీజ్ పేస్టు కొంచెం రాసి, చేతి స్పానర్‌తో నెమ్మదిగా తిప్పాలి. మొదట అన్నీ చేత్తో బిగించి, తర్వాత నడిమి కేబుల్ నుంచి మొదలుపెట్టి ఒకటి పైది, ఒకటి కిందది చొప్పున బయటికి పోవాలి. ఒకే దఫాలో పూర్తి బిగువుకు వెళ్లొద్దు, మూడు చుట్లుగా రావాలి. టెన్షన్ గేజ్ అద్దెకు దొరికితే తెచ్చుకోండి. అది లేకపోయినా మీటి చూస్తే వదులైన కేబుల్ తంబూరా తీగలా మోగకుండా డబడబమంటుంది.

మెట్ల దగ్గర పని రెట్టింపు. 7.5 అంగుళాల రైజు, 10.5 అంగుళాల మెట్టు అంటే వాలు 35 డిగ్రీలు దాటుతుంది. పోస్టు మీద నిలువుగా మూడున్నర అంగుళాల ఎడంతో రంధ్రాలు వేస్తే, కేబుళ్ల మధ్య అసలు సందు 2.85 అంగుళాలే వస్తుంది. ఇది తెలియక డెక్ మీది మూడు అంగుళాల కొలతే మెట్లకూ దించి రెండు వరసలు ఎక్కువ కొనేవాళ్లున్నారు. పోస్టులోంచి కేబుల్ ఏటవాలుగా పోతుంది కాబట్టి రంధ్రాన్నీ ఆ వాలులోనే వేయాలి. రంధ్రం అంచున కేబుల్ కర్రను కోసుకుంటూ లోపలికి దిగకుండా ఏటవాలు స్టీలు తొడుగు పెట్టాలి. చివర్లకు మెడ తిరిగే ఫిట్టింగులు తీసుకోండి, మామూలువి పెడితే మర దగ్గర కేబుల్ విరుపు తిరుగుతుంది.

అన్నిటికన్నా కింది కేబుల్ మెట్టు అంచులను కలిపే గీతకు అంగుళం ఎత్తులోనే ఉండాలి. మెట్టు, రైజరు, కింది కేబుల్ కలిసి చేసే ముక్కోణంలోంచి ఆరు అంగుళాల గుండు దూరకూడదు. మా కొలతల్లో ఆ కేబుల్ అంచు గీతకు అంగుళం పావు మించి పైకి పోతే దూరేస్తుంది. టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్లు ఈ గుండు జేబులో వేసుకునే వస్తారు. వాళ్లు పట్టుకునే రెండో తప్పు హ్యాండ్‌రెయిల్. నాలుగు రైజర్లు, అంతకు మించి ఉంటే చేత్తో గుప్పిట పట్టుకోగల గుండ్రటి కడ్డీ, ఒకటిం పావు నుంచి రెండు అంగుళాల లావుది, విడిగా కావాలి. 2×6 పలక గుప్పిట్లోకి రాదు, అది హ్యాండ్‌రెయిల్ లెక్కలోకి రాదు.

వాడకంలో. మొదటి ఏడాది మూడుసార్లు బిగువు సరిచేశాం: ఆరు వారాలకు, ఆకులు రాలే కాలంలో, మంచు కరిగాక. ఆ తర్వాత ఏడాదికోసారి, అదీ వసంతంలో, ఒక గంట పని. మంచు పారతో తోస్తే కేబుళ్ల సందుల్లోంచి చాలావరకు బయటికి పోతుంది, పాత చెక్క రెయిలింగ్‌తో పోలిస్తే ఇది నిజంగా సుఖం.

తుప్పు విషయంలో ఆశలు తగ్గించుకోండి. 316 అన్నా మరకలు వస్తాయి. గోధుమ రంగు టీ చారల్లాంటివి మొదట ఫిట్టింగుల నోటి దగ్గర మొదలయ్యాయి. ఎక్కువ పడింది మెట్ల కింది రెండు వరసల మీద, చలికాలంలో మంచు కరగడానికి చల్లే కాల్షియం క్లోరైడ్ అక్కడే చిందుతుంది కాబట్టి. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డతో అరగంట తడిపి ఉంచి, కేబుల్ పొడవునా తుడిచి, బాగా కడిగేస్తే పోతాయి. స్టీలు పీచుతో తోమొద్దు, దాని రవ్వలు ఇరుక్కుని అవే తుప్పు పడతాయి. రెయిలింగ్ దగ్గర గ్రైండర్‌తో మామూలు ఇనుము కోసినా అదే గతి. పాచి పోవడానికి డెక్ మీద బ్లీచ్ పోసేవాళ్లు ముందు కేబుళ్లకు ప్లాస్టిక్ షీట్ కప్పుకోండి. క్లోరిన్ స్టెయిన్‌లెస్‌కు శత్రువు.

పిల్లలు అడ్డం కేబుళ్లను నిచ్చెనలా ఎక్కుతారు. అలా ఎక్కడానికి వీలిచ్చే రెయిలింగ్ వద్దనే నిబంధన 2000 ఐఆర్‌సీలో ఉండేది, తర్వాత తీసేశారు. కోడ్ ఒప్పుకున్నా, ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి, అందులోనూ డెక్ ఎత్తుగా ఉంటే, నిలువు కడ్డీలే మేలని మా అభిప్రాయం. బట్టలు కూడా ఆరేస్తారు, వద్దన్నా వినరు. తడి దుప్పటి వేసిన వరస నెలకల్లా కిందకు జారి పక్కదానికన్నా వదులుగా కనిపిస్తుంది.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ బాల్కనీలకు పావురాలు రాకుండా బిగించే ఇన్విజిబుల్ గ్రిల్ కూడా ఇదే కుటుంబం, నైలాన్ తొడిగిన సన్నటి స్టీలు తీగ. కానీ అది ఉన్న పిట్టగోడకు అదనం. ఆనుకుని నిలబడే రెయిలింగ్‌గా దాన్ని లెక్కపెట్టకూడదు. విశాఖలో సముద్రం ఎదురుగా ఇల్లుంటే 304 రకం అంటగట్టనివ్వకండి, ఉప్పు గాలికి త్వరలోనే చారలు దిగుతాయి, 316 అడిగి తీసుకుని నెలకోసారి మంచినీళ్లతో కడిగించండి.