ఎట్నా నల్లమట్టిలో రెండు రాత్రులు

వైన్ తోట చూడటానికి ఇటలీలోని సిసిలీ దీవి దాకా వెళ్లాలా అని విశాఖలో చాలామంది అడిగారు. మా ఆయన, నేను, మా వదిన, అన్నయ్యగారు, నలుగురం వెళ్లాం. మాలో వైన్ రుచి తెలిసినవారు అన్నయ్యగారు ఒక్కరే. వదిన మద్యం ముట్టరు. అయినా పది రోజుల యాత్రలో నలుగురం ఇప్పటికీ తలచుకునేది ఎట్నా అగ్నిపర్వతం ఉత్తర వాలులో ఒక కుటుంబం సేంద్రియంగా సాగుచేసే ఆ చిన్న ద్రాక్షతోటనే.

హైదరాబాద్, రోమ్ మీదుగా సిసిలీలోని కటానియా నగరంలో దిగాం. అక్కడ బస బాగాలేదు. ఫోటోలు చూసి తీసుకున్న ఇల్లు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదని యజమాని ముందుగా చెప్పలేదు. మోకాళ్ల నొప్పితో వదిన రోజుకు ఒక్కసారే కిందికి దిగేవారు. ఊరు మాత్రం చూడదగ్గది. కేథడ్రల్ ముందున్న ఫౌంటెన్ మీద నల్ల లావా రాతితో చెక్కిన ఏనుగు ఉంటుంది. 1669లో లావా ఈ ఊరి దాకా పారింది. శాకాహారులు ఇక్కడ పస్తుండనక్కర లేదు. పాస్తా అల్లా నోర్మా అనే వంటకంలో వేయించిన వంకాయ, టమాటా, తులసిని పోలిన ఆకు, పైన తురిమిన ఉప్పు జున్ను ఉంటాయి. వంకాయను అంత మర్యాదగా చూసుకునే మరో దేశం ఉందని అక్కడే తెలిసింది.

మొదట ఒక పర్యాటక ఏజెన్సీ బస్సులో వైన్ తయారుచేసే పెద్ద వైనరీకి వెళ్లాం. పాతికమందిని నిలబెట్టి గంటన్నరలో నాలుగు గ్లాసులు రుచి చూపించారు. స్టీలు ట్యాంకులు మెరుస్తున్నాయి, మనిషి చక్కగా మాట్లాడాడు, చివర దుకాణంలోకి తీసుకెళ్లాడు. తీగల మధ్యకు మాత్రం ఎవరినీ రానివ్వలేదు. అంత డబ్బు పెట్టి తోటను గట్టు మీది నుంచి చూసి రావడం నాకు బాధ కలిగించింది.

మర్నాడు చిర్కుమెట్నియా రైలెక్కాం. కటానియా నుంచి అగ్నిపర్వతం చుట్టూ తిరిగి రిపోస్తో దాకా దాదాపు 110 కిలోమీటర్లు వెళ్లే చిన్న గేజి రైలు అది. ఆదివారం నడవదు కాబట్టి రోజు చూసుకుని బయలుదేరాలి. వేగం లేదు, మెత్తటి సీట్లూ లేవు. కానీ కిటికీలోంచి పిస్తా తోటలు, గడ్డకట్టిన లావా, మళ్లీ తోటలు వస్తుంటే అరకు రైల్లో కూర్చున్నట్టే అనిపించింది. శిఖరానికి అతి దగ్గరి పట్టణమైన రందాజ్జోలో దిగాం. 1981లో లావా ఆ ఊరి పక్క నుంచే పారి రోడ్డునూ రైలు పట్టాలనూ మింగేసింది. తోట యజమాని కొడుకు కారుతో వచ్చి తీసుకెళ్లాడు. అందుకు వేరే డబ్బు అడగలేదు.

ఎట్నా మట్టి నల్లగా ఉంటుందని పుస్తకాల్లో చదివాను, పిల్లలకు పాఠం చెప్పాను. చెప్పులోకి దూరిన ఇసుకను అరచేతిలో పోసుకుని చూసినప్పుడు గాని అది మనసుకు ఎక్కలేదు. ఏటా బడిపిల్లలను భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్లిన నాకు, ఆ బొగ్గుపొడి లాంటి నేలలో పచ్చటి తీగ నిలవడం వింతగా తోచింది. లావా, బూడిద వందల ఏళ్లుగా విరిగి నలిగి ఏర్పడిన నేల అది. నీరు నిలవదు, వేరు లోతుకు పోవాల్సిందే. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా ద్రాక్షను తుడిచిపెట్టిన ఫిలాక్సెరా పురుగు ఇలాంటి ఇసుకలో సరిగా బతకలేదు. అందుకే ఇక్కడ పురుగును తట్టుకునే వేరుకు అంటు కట్టని, నూరేళ్లు దాటిన తీగలు ఇంకా కాస్తున్నాయి. పందిరి లేదు. ఒక్కొక్క తీగను ఒక్కొక్క చెస్ట్‌నట్ కర్రకు కట్టి పొదలా పెంచుతారు. ఈ పద్ధతి పేరు అల్బెరెల్లో, అంటే చిన్న చెట్టు. నల్లరాతి గట్ల మధ్య ట్రాక్టరు తిరగదు కాబట్టి పనంతా చేతులతోనే.

సేంద్రియం అంటే ఏమీ చల్లకపోవడం కాదని ఆ ఇంటి పెద్దాయన దాచకుండా చెప్పారు. బూడిద తెగులుకు గంధకం, మరో తెగులుకు పరిమితంగా రాగి మందు వాడతారు. మన రైతులు ఎరిగిన బోర్డో మిశ్రమమే అది. శరదృతువులో సాళ్ల మధ్య చిక్కుళ్ల జాతి విత్తనాలు చల్లి, మొక్కలను పూత దశలో మట్టిలో కలిపేస్తారు. మన జీలుగ, జనుము లాగే పచ్చిరొట్ట. రసం పులియడానికి బయటి ఈస్టు కలపరు. ఇది విని అన్నయ్యగారు ఆశ్చర్యపోతే వదిన తేలిగ్గా అన్నారు: "ఇడ్లీ పిండికి మనం మాత్రం ఏం కలుపుతాం?" ఆ మాటను కొడుకు ఇటాలియన్‌లో చెప్పగానే పెద్దాయన వదిన చేతులు పట్టుకుని నవ్వారు. నిల్వ కోసం గంధకపు సమ్మేళనం కొద్దిగా వేస్తారు. ఐరోపాలో మామూలు ఎర్ర వైన్‌లో అది లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, సేంద్రియ వైన్‌లో 100 దాటకూడదని 2012 నుంచి నియమం ఉంది.

ఇంటి వెనుక పల్మెంతో చూపించారు. లావా రాతితో కట్టిన గది, మెట్లు మెట్లుగా తొట్లు. పైన ద్రాక్ష తొక్కితే రసం తనంతట తానే కిందికి దిగుతుంది. పరిశుభ్రత నిబంధనల వల్ల అమ్మకానికి అందులో వైన్ చేయరు. పెద్దాయన చిన్నప్పుడు తొక్కిన తొట్టి అంచును అరచేత్తో నిమురుతూ నిలబడ్డారు. మేమూ కాసేపు మాట్లాడలేదు.

మేం వెళ్లిన అక్టోబరులో నెరెల్లో మస్కలేజే కోత సాగుతోంది. అది ఆలస్యంగా పండే ఎర్ర ద్రాక్ష. దాని వైన్ రంగు పల్చన, నాలుక మీద కొంచెం వగరు. నాకు రెండు గుక్కలు చాలాయి. అన్నయ్యగారు మాత్రం ఏజెన్సీ వారు పోసిన నాలుగు గ్లాసులకంటే ఇదే మేలన్నారు. వదిన కోసం అప్పుడే పిండిన రసం తెచ్చారు. ఆ రసాన్నే పిండితో ఉడికించి బాదం చల్లిన మిఠాయి కూడా పెట్టారు. మద్యం తాగనివారు అక్కడ చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు.

లోపాలూ చెప్పాలి. గదులు శుభ్రంగా ఉన్నా రాత్రి చలి గట్టిగా ఉంది, అదనపు దుప్పటి అడిగి తెప్పించుకున్నాం. భోజనం తొమ్మిదికి గాని పెట్టరు. స్నానాల గదిలో వేడినీళ్లు ఇద్దరికే సరిపోతాయి. ఇంగ్లిషు కొడుకుకే వచ్చు, అతను లేనప్పుడు ఫోన్‌లోని అనువాదమే దిక్కు. అయినా ఇక్కడి గదికి ఇచ్చినంత ధర కటానియాలోని ఆ ఇంటికీ ఇచ్చాం. రెండింటినీ పోల్చడానికి నాకు మనసొప్పడం లేదు.

ఒక్క రాత్రికే వెళ్లాలనుకుంటే మానుకోండి. మొదటి రోజు మేం అతిథులం. రెండో రోజు ఉదయం కత్తెరలు ఇచ్చి సాలులో నిలబెట్టారు. గుత్తి ఎక్కడ కోయాలో పెద్దాయన నా వేలు పట్టి చూపించారు.

మన దేశంలోకి సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల దాకా మద్యం తెచ్చుకోవచ్చు. మేం మూడు సీసాలు తెచ్చాం. విశాఖ ఉక్కకు వైన్ తొందరగా పాడవుతుంది, కాబట్టి రాగానే ఫ్రిజ్‌లో పెట్టాం. ఒకటి దీపావళికి తీశాం. రెండోదాన్ని డిసెంబరులో అరకు తీసుకెళ్తున్నాం. అప్పటికి అక్కడ కాఫీ పళ్ల కోత మొదలవుతుంది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, మిరియాలు పెంచే ఒక గిరిజన రైతు ఇంట్లో రెండు రాత్రులు ఉండనిస్తామన్నారు. వదిన ఇప్పటి నుంచే కత్తెర కావాలా, చేత్తో కోయాలా అని ఫోన్‌లో అడుగుతున్నారు.