మిద్దె మీదకి వైఫై: టీపీ-లింక్ 841ఎన్ పాతదైనా పనికొస్తుంది

ఫైబర్ కనెక్షన్ వచ్చాక టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ అనే పాత వైఫై రూటర్‌ని అటకెక్కించినవాళ్లు పాత సామాన్లాయనకి వేసేముందు ఒక్క నిమిషం ఆగండి. మాది తిరుపతి కొర్లగుంటలో కింద ఇల్లు, పైన రెండు గదులు. నెట్ వాళ్లు పెట్టిన డబ్బా కింద హాల్లో, మధ్యలో కాంక్రీటు శ్లాబు, పైకెళ్తే సిగ్నల్ ఒక్క గీత. అమ్మ మధ్యాహ్నం ఎస్వీబీసీలో కల్యాణోత్సవం ఫోన్లో పెట్టుకుంటే సరిగ్గా మాంగల్యధారణ వేళకే బఫరింగ్.

గాంధీ రోడ్డు వైపు ఒక అంగట్లో అడిగితే "పాతదెందుకన్నా, ప్లగ్గుకి పెట్టే ఎక్స్‌టెండర్ తీసుకోండి" అన్నాడు. తీసుకోవచ్చు, కానీ ఒకే బ్యాండున్న (అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే) ఎక్స్‌టెండర్ కింది రూటర్‌తోనూ మన ఫోన్‌తోనూ అదే ఛానెల్ మీద మాట్లాడాలి కాబట్టి స్పీడు ఇంచుమించు సగానికి పడుతుంది, పైగా దాన్ని సిగ్నల్ బాగా అందేచోట పెట్టాలి, మన బాధేమో అందని చోట. వైరు లాగే వీలుంటే పాత రూటరే మేలు. అందుకే కింది రూటర్ నుంచి పైకి లాగడానికి క్యాట్6 నెట్‌వర్క్ వైరు మాత్రం కొన్నాను. రెండు కొసలకీ క్లిప్పులు నొక్కి, టెస్టర్లో లైట్లు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలగడం నాకు చూపించి మరీ ఇచ్చాడు, ఆ పనికి మాత్రం ఫుల్ మార్కులు. ఈ వైరు వంద మీటర్ల దాకా లాగొచ్చు, మన ఇళ్లకి అదెక్కడ.

సెట్టింగులకి పెద్ద చదువేం అక్కర్లేదు. పాత రూటర్ రీసెట్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, ల్యాప్‌టాప్‌ని వైరుతో కలిపి బ్రౌజర్లో దాని సెట్టింగుల పేజీలోకెళ్లాలి. కింది రూటర్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందవే, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, ఛానెల్ కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ. చివర్లో డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకి నెట్ అడ్రసులు పంచే పని, ఆపేయండి. అసలు కిటుకంతా ఇక్కడే, అది ఆపకపోతే ఇంట్లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరవుతారు, ఏ ఫోన్‌కి నెట్ వస్తుందో ఏ ఫోన్‌కి రాదో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. కింద నుంచి వచ్చే వైరు ల్యాన్ (ఇంట్లో పరికరాలు కలిపే) పోర్టులోనే పెట్టాలి, బయటి నెట్ వైరు కోసం ఉండే నీలం రంగు వ్యాన్ పోర్టు ఖాళీగా వదిలేయండి. కొత్త వెర్షన్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని విడిగానే ఉంటుంది, అదుంటే ఇంత తంటా లేదు.

ఇప్పుడు పైన వీడియోలు, వీడియో కాల్స్ హాయిగా నడుస్తున్నాయి. అలాగని అద్భుతాలు ఆశించొద్దు. డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని ఉన్నా పోర్టులు 100వే, బ్యాండు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, 200 ప్లాన్ కట్టినా పైన వంద దాటదు. ఇంకో చిరాకు, మెట్లెక్కి పైకొచ్చినా ఫోన్ కింది రూటర్‌నే పట్టుకుని వేలాడుతుంది, వైఫై ఒకసారి ఆపి ఆన్ చేస్తే దారికొస్తుంది.

పాత మోడళ్లకి అప్‌డేట్లు రావు కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ తప్పకుండా మార్చండి, తేలిగ్గా ఛేదించగలిగే పాత సెక్యూరిటీ డబ్ల్యూఈపీ మాత్రమే ఉన్న రూటరైతే దాన్ని సామాన్లాయనకే ఇచ్చేయండి. అడాప్టర్ కనిపించకపోతే చేతికి దొరికిందల్లా గుచ్చొద్దు, రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి అదే కొనండి.