ఉప్పందించాలంటే ఎవరికి: పైవాళ్లకా, విలేకరికా?

ఆఫీసు ఫైల్లో పెద్ద అవినీతి కంటబడింది. పైవాళ్లకు ఫిర్యాదు రాయాలా, విలేకరి చేతిలో కాగితాలు పెట్టాలా? "రూల్ ప్రకారం పోవాలయ్యా" అనే మాట వినడానికి బాగుంటుంది. అలా పోయినవాడి కథ ముందు చూద్దాం.

సత్యేంద్ర దూబే ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు. జార్ఖండ్‌లో స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాలు చూసి 2002 నవంబరులో ప్రధాని వాజపేయికి ఉత్తరం రాశాడు. దాని మీద పేరు పెట్టలేదు. తనెవరో వేరే కాగితం మీద రాసి జతచేసి, గుట్టుగా ఉంచమని కోరాడు. ఆ వివరాలు కూడా ఉత్తరంతో పాటే బల్ల మీద నుంచి బల్ల మీదకు మారుతూ, చివరికి ఏ జాతీయ రహదారుల సంస్థ పనుల మీద రాశాడో అక్కడికే చేరాయి. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ దొంగల పనేనని సీబీఐ తేల్చింది, 2010లో ముగ్గురికి యావజ్జీవం పడింది. సరే, అలాగే అనుకుందాం. దాచమన్న పేరు ఊరేగిన మాట మాత్రం నిజం.

ఇటు బోఫోర్స్ చూడండి, స్వీడన్ కంపెనీ నుంచి ఫిరంగులు కొనడంలో లంచాల కేసు. స్వీడన్‌లో ఆ కేసు దర్యాప్తు చేసిన పోలీసు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్, విలేకరి చిత్రా సుబ్రమణ్యంకు 350కి పైగా పత్రాలు అందించాడు. ఆమె నోరు విప్పలేదు. 2012లో ఆయనే "నేనే" అని చెప్పేదాకా పాతికేళ్లు గుట్టు నిలిచింది. ఈలోగా 1989 ఎన్నికల్లో రాజీవ్ గాంధీ ప్రభుత్వమే పోయింది.

అయితే లీకంటే అంతా పుణ్యకార్యం కాదు. అదే కేసులో అమితాబ్ బచ్చన్ పేరు కూడా పత్రికకెక్కింది. భారత దర్యాప్తు అధికారులే ఆ పేరు ఇరికించారని లిండ్‌స్ట్రోమ్ తర్వాత చెప్పాడు. ఉప్పందించేవాడికి పేరుండదు, మచ్చ పడ్డవాడికి ఉంటుంది.

దూబే చనిపోయాక, 2004లో కేంద్రం ఓ పద్ధతి పెట్టింది. ఫిర్యాదును అంటించిన కవరులో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పంపాలి. కవరు మీద ప్రజాప్రయోజన వెల్లడి కింద ఫిర్యాదు అని రాయాలి, మీ పేరూ అడ్రసూ మాత్రం లోపలే ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరాలు తీసుకోరు. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల గొడవలకు ఈ దారి లేదు. ఉప్పందించేవాళ్ల రక్షణకని 2014లో చేసిన చట్టం ఇంకా అమల్లోకే రాలేదు. సమాచార హక్కు దరఖాస్తు పెడదామంటే, మీ పేరూ అడ్రసూ నేరుగా ఆ ఆఫీసుకే చేరతాయి.

విలేకరికీ పెద్ద కవచమేం లేదు. సోర్సు పేరు చెప్పమని బలవంతపెట్టకూడదన్న 1978 చట్టంలోని రక్షణ, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ విచారణల వరకే. కోర్టు అడిగితే వేరే లెక్క.

నన్నడిగితే, కేంద్ర ఆఫీసులో కింది స్థాయి లంచాలకైతే కవరే మేలు. తప్పు చేసింది పైవాళ్లే అయితే విలేకరే నయం, అదీ చేతిలో కాగితం ఉంటేనే. మీ పేరు విలేకరి దగ్గరైతే ఒక్కరికే తెలుస్తుంది, పైవాళ్లకు రాస్తే ఎందరికి తెలుస్తుందో లెక్కుండదు. ఇచ్చేముందు ఆ కాగితం ఎంతమంది చూశారో చూసుకోండి. ముగ్గురే చూసిన నోట్ పత్రికలో వస్తే, మొదటి ఇద్దరినీ అడిగాక పిలుపు మీకే.