పెల్లెట్ గ్రూప్ కొలవడానికి డిజిటల్ వెర్నియర్: చాలాకాలం వాడాక నా మాట

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు) ఎంచుకునేటప్పుడు గ్రూపులు, అంటే ఒకే గురికి కొట్టినవి టార్గెట్ కార్డు మీద ఎంత ఎడంగా పడ్డాయో, కొలవడానికి నేను వాడేది ఆరు అంగుళాల చౌకరకం డిజిటల్ వెర్నియర్. స్టీలుదే, పేరున్న కంపెనీది కాదు. పనిముట్టుగా దీనికి వంక పెట్టను. తెర మీద రెండు దశాంశాలు కనిపించేసరికి మనకొచ్చే ధీమా ఉందే, మార్కులు తగ్గించాల్సింది దానికి.

పద్ధతి తెలిసిందే. బాగా ఎడంగా పడ్డ రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం తీసేయాలి. చాలామంది ఇక్కడ కళ్లు మూసుకుని పెల్లెట్ పేరుకి ఉండే 4.5 మి.మీ. వ్యాసం తీసేస్తారు. చదునుమూతి మ్యాచ్ పెల్లెట్ కూడా కార్డులో తరచూ అంతకంటే కాస్త చిన్న రంధ్రమే చేస్తుంది. గుండ్రటి మూతిదైతే కాగితం చీలి, పీచు మళ్లీ ముందుకొచ్చి ఇంకా చిన్నగా కనిపిస్తుంది. అందుకే అదే కార్డు మూలన ఒక పెల్లెట్ విడిగా కొట్టి, ఆ రంధ్రం కొలతే తీసేస్తాను. బయటి కొలత 9.1, విడి రంధ్రం 4.3 అయితే గ్రూప్ 4.8 మి.మీ. 4.5 తీసేస్తే 4.6 అని మురిసిపోతాం. ఇంత చిన్న తేడా లెక్కా అంటారేమో! ఈ టార్గెట్‌లో పది మార్కుల చుక్క వ్యాసమే అర మిల్లీమీటరు మరి.

రంధ్రం చుట్టూ సీసం అంటిన సన్నటి బూడిదరంగు వలయం ఉంటుంది. టార్గెట్ నడిమి నల్లటి గుండ్రం (బుల్) మీద అది కనబడదు. రైఫిల్‌ని వైస్‌లో బిగించి కొడుతున్నప్పుడు గురిచుక్కతో పనేముంది, కార్డు తిప్పి తెల్లవైపే పెడతాను. వెర్నియర్ దవడల్ని కాగితానికి ఆనించి నొక్కితే అంచు వంగిపోతుంది, అందుకని కార్డుని గాజు పలక మీద పరిచి, మొనల్ని పైపైనే పట్టుకుని సరిచూస్తాను. జిరాక్స్ కాగితం జోలికి పోవద్దు, వానాకాలం చెమ్మకి అంచులన్నీ పీలికలే.

ఇంతా చేస్తే వెర్నియర్ చెప్పేది రెండు రంధ్రాల సంగతే, మధ్యలోవాటి ఊసే ఉండదు. అదే రైఫిల్, అదే డబ్బా, ఐదుకి బదులు పది కొడితే గ్రూప్ సగటున పాతిక శాతం దాకా పెరుగుతుంది. మూడు పెల్లెట్ల గ్రూప్ ఫొటో పెట్టి లాట్ (ఒకే విడతలో తయారైన పెల్లెట్లు) గొప్పదనేవాళ్లకి ఓ దండం. 4.49, 4.50 మి.మీ. తల సైజుల (పెల్లెట్ ముందుభాగం వ్యాసం) మధ్య తేల్చుకోవాలంటే పదేసి పెల్లెట్ల గ్రూపులు నాలుగైదైనా కావాలి.

సగటు వ్యాసార్ధం (గ్రూప్ కేంద్రం నుంచి రంధ్రాల సగటు దూరం) కావాలంటే ఫోన్ యాప్ నయం, అన్ని రంధ్రాలూ లెక్కలోకొస్తాయి. కాకపోతే ఫోన్ కాస్త వాలినా కొలత సాగుతుంది. పది పెల్లెట్లూ కలిసి ఒకే చిరుగు అయిపోతే కేంద్రాలు ఎక్కడున్నాయో యాప్‌కీ తెలీదు, మనకీ తెలీదు. అప్పుడు బయటి కొలతకి వెర్నియరే దిక్కు.

ఒక్క ఫిర్యాదు: స్విచ్ ఆపినా లోపల ఎల్ఆర్44 బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. వాడనప్పుడు తీసి పక్కన పెట్టుకోండి. ఆ గొడవే వద్దనుకుంటే డయల్ వెర్నియర్ కొనుక్కోండి, అందులో కనిపించే 0.02 మి.మీ. సూక్ష్మత ఈ పనికి కావాల్సినదానికంటే ఎక్కువే.