పరిచయ సమావేశానికి ముందు రోజు: విద్యార్థి చేతిలో లింక్డిన్

వృత్తి నిపుణులను కలవబోయే విద్యార్థి ముందు రోజు రాత్రి ఏం చూసుకుని వెళ్లాలన్న ప్రశ్నకు నేను రెండేళ్లుగా, వృత్తిపరమైన పరిచయాల కోసం వాడే లింక్డిన్ అనే వెబ్‌సైట్ మీదే ఆధారపడుతున్నాను. 2003 మేలో మొదలై 2016లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిన ఈ సేవను మా తోటివారిలో చాలామంది ఉద్యోగ ప్రకటనల కోసమే తెరుస్తారు. ఇరవై నిమిషాల సంభాషణకు సిద్ధపడడానికి అది ఎంతవరకు పనికొస్తుందన్న ఒక్క విషయాన్నే, అదీ ఉచిత ఖాతాతో వాడి చూసిన మేరకే, ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో విద్యార్థికి అన్నిటికన్నా అక్కరకొచ్చేది విద్యాసంస్థల పేజీల్లో ఉండే పూర్వ విద్యార్థుల విభాగం. మన కళాశాలలో చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు, ఏ సంస్థలో ఏ పని చేస్తున్నారు, ఏం చదువుకున్నారు అని వరసగా వడపోసుకుంటూ పోతే, వందల పేర్లలోంచి మనం పలకరించదగినవాళ్లు పదిమంది మిగులుతారు. ముఖపరిచయమైనా లేనివాళ్లను ఎలా పలకరించాలన్న జంకు నాకూ ఉండేది. అయితే సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఆ పరిచయస్థులను తరచుగా కలుస్తూ ఉండినవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం. అంటే అంతంతమాత్రపు పరిచయాన్ని తీసిపారేయనక్కర్లేదు.

ఇక ప్రొఫైల్ చదవడం దగ్గరే నేను బోల్తా పడ్డాను. మొదటి సమావేశానికి పన్నెండు ప్రశ్నలు రాసుకుని వెళ్తే, మూడోది అడిగేసరికి ఎదుటివారు నవ్వి, “ఇదంతా నా ప్రొఫైల్‌లోనే ఉంది కదమ్మా” అన్నారు. నిజానికి ఆ సంగతి నాకు తెలుసు. చదివి వచ్చానని చూపించుకోవడానికే అడిగాను. ప్రొఫైల్‌లో ఏ పని, ఎప్పటినుంచి ఎప్పటివరకు అన్నవి ఉంటాయి గానీ, ఎందుకు అన్నది దాదాపు ఎప్పుడూ ఉండదు. అందువల్ల ఇప్పుడు మలుపులు ఎక్కడున్నాయో చూసి, అక్కడినుంచే ప్రశ్నలు తయారు చేసుకుంటున్నాను.

ఆ తర్వాత కలిసిన ఒకావిడ సివిల్ ఇంజనీరింగ్ చదివి, మూడేళ్లు నిర్మాణ రంగంలో పనిచేసి, కొన్ని నెలల విరామం తర్వాత డేటా విశ్లేషణలోకి వచ్చారు. విరామం వారి సొంత విషయం, దాని జోలికి పోకూడదు. “నిర్మాణ సైట్‌లో నేర్చుకున్నవాటిలో మీకు ఇప్పటికీ పనికొస్తున్నది ఏదండీ?” అని అడిగాను. అంతవరకు ఫోన్ చూసుకుంటూ జవాబులిస్తున్న ఆవిడ దాన్ని బోర్లించి పెట్టి, కొలతల పుస్తకం నింపినవాడు నిజంగా టేపు పట్టుకుని కొలిచాడా, గదిలో కూర్చుని అంచనాగా రాసేశాడా అన్నది అంకెల వరస చూస్తేనే తనకు తెలిసిపోతుందని, ఇప్పుడు చేస్తున్న పనికి అదే పెట్టుబడి అని చెప్పుకుంటూ పోయారు. తర్వాతి ప్రశ్న అడగాల్సిన అవసరం నాకు రాలేదు.

మిగతా సదుపాయాల గురించి చెప్పాల్సింది తక్కువ. మన పేరు కింద కనిపించే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటు ఉంటుంది. అందులో “విద్యార్థి” అని రాసి ఊరుకోకుండా, ఏ అంశం మీద పనిచేస్తున్నామో కూడా రాయడం మేలు. కలిసిన రోజే పంపే కనెక్షన్ రిక్వెస్ట్‌కు, అంటే పరిచయస్థుల జాబితాలో చేర్చుకోమని అడిగే అభ్యర్థనకు, చిన్న నోట్ జోడించవచ్చు. ఉచిత ఖాతాలో నెలకు కొన్ని నోట్లకే అవకాశం ఉంటుంది కాబట్టి, వాటిని నిజంగా మాట్లాడినవారి కోసం దాచుకోవాలి. ఎక్కడ కలిశామో ఒక వాక్యం, వారు చెప్పిన ఒక మాట చాలు. మనం ప్రొఫైల్ చూసిన సంగతి ఎదుటివారికి తెలియకుండా ప్రైవేట్ మోడ్ ఉంది గానీ, ఉచిత ఖాతాలో దాన్ని పెట్టుకుంటే మన ప్రొఫైల్‌ను ఎవరు చూశారో మనకూ కనిపించదు. నేను దాన్ని వాడను. కలవబోయేవారి గురించి ముందుగా చదువుకోవడంలో దాచాల్సింది ఏముంది?

డబ్బు కట్టే ప్రీమియం ఖాతా ఈ పనికి అనవసరమని నా అభిప్రాయం. పరిచయం లేనివారికి నేరుగా సందేశం పంపే ఇన్‌మెయిల్ దాని ముఖ్య ఆకర్షణల్లో ఒకటి. సమావేశం ఖరారైన విద్యార్థికి దానితో పనేముంది? ప్రొఫైల్‌లోని హోదా పాతదై ఉండే అవకాశం మాత్రం ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే దాన్ని మార్చాల్సింది ఆ మనిషే. అందుకే బయల్దేరే ముందు వారి సంస్థ వెబ్‌సైట్‌లో కూడా ఒకసారి చూసుకుంటాను, పిలిచేటప్పుడు మాత్రం హోదాతో కాక పేరుతోనే పిలుస్తాను.