ఉచిత పార్కింగ్, స్టెప్నీ లేని బీఎండబ్ల్యూ

హోటల్ పేజీలో "ప్రైవేట్ పార్కింగ్ ఉచితం" అని రాసి ఉంటే, డబ్బు కట్టే ముందు ఆ పార్కింగ్ ఫోటో ఒకటి పంపమని అడగండి. పంపకపోతే ఇంకోటి చూసుకోండి. కొత్త కారుతో వెళ్తుంటే మరీనూ. అసలు ఈ ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా పిన్నిగారబ్బాయి ఈమధ్య కారు బుక్ చేశాడు, డెలివరీ అవగానే అటునుంచి అటే ఆస్ట్రియా వెళ్తామంటూ ఓ లింకు పంపాడు. తెరిచి చూద్దును కదా, 2018లో మా దగ్గర డబ్బు గుంజిన గెస్ట్‌హౌసే అది. అదే చెక్క బాల్కనీ, అవే పూలకుండీలు, అదే "ఉచిత పార్కింగ్".

ముందు కారు సంగతి చెప్పాలి. మేం ఉండేది న్యూజెర్సీలో. అప్పట్లో అమెరికాలో ఉన్నవాళ్లకి బీఎండబ్ల్యూ యూరోపియన్ డెలివరీ అని ఒక పథకం ఉండేది. ఇక్కడి డీలర్ దగ్గరే కారు కొని, మ్యూనిక్ వెళ్లి తాళాలు తీసుకుని, మనకి కావలసినట్టు తిరిగి, మళ్లీ అక్కడే అప్పగించి వచ్చేస్తే వాళ్లే ఓడెక్కించి పంపేవాళ్లు. బేస్ ధర మీద ఐదు శాతం దాకా తగ్గింపు. జర్మన్ రిజిస్ట్రేషన్, 14 రోజుల ఇన్సూరెన్స్, ఓడ ఖర్చు, అమెరికా కస్టమ్స్ సుంకం అన్నీ అందులోనే. కాకపోతే యూరప్‌లో తయారయ్యే మోడళ్లకే. ఎక్స్5 ఎస్‌యూవీ తయారయ్యేది అమెరికాలోనే, సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో కాబట్టి దానికి ఈ వరసలో చోటు లేదు. మా ఆవిడ మనసు ఎక్స్5 మీద, నాది 330ఐ సెడాన్ మీద. ఈ పథకం పుణ్యమా అని నా మాట నెగ్గింది. ఆ విషయం ఇప్పటికీ నెలకోసారి వింటూనే ఉంటాను.

మొదట వెళ్లిన షోరూమ్‌లో సేల్స్‌మ్యాన్ అసలు వినిపించుకోలేదు. అదంతా తలనొప్పండీ, లాట్‌లో ఉన్నదే తీసుకోండి, ఇవాళే ఇంటికి తోలుకెళ్లండి అంటాడు. రెండో చోట మాత్రం సూటిగా చెప్పారు, యూరోపియన్ డెలివరీ ఇన్‌వాయిస్ (కంపెనీ డీలర్‌కి వేసే ధర) మీద వెయ్యి డాలర్లు ఇవ్వండి చాలు అని. స్టిక్కర్ ధర 50,720 డాలర్లు, మాకు పడింది 45,860. సేల్స్ టాక్స్ 6.625 శాతం మామూలే. అంటే 4,860 మిగిలిందని సంబరపడతాం కానీ, ఇక్కడే గట్టిగా బేరమాడినా ఓ రెండు వేలు ఎలాగూ తగ్గుతుంది, అది తీసేస్తే అసలు మిగులు మూడు వేల లోపే. న్యూయార్క్ నుంచి మ్యూనిక్‌కి నలుగురికి విమానం టికెట్లే 3,412 డాలర్లు. "తగ్గింపు డబ్బుతో యూరప్ ట్రిప్ ఫ్రీ" అని పార్టీల్లో చెప్పే మిత్రులని నమ్మకండి, వాళ్లు హోటల్ బిల్లులు చెప్పరు.

మనవాళ్లకి ఇంకో మెలిక వీసా. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాడు ఊరికే విమానం ఎక్కుతాడు, మనకి యూరప్‌లో చాలా దేశాలకి ఉమ్మడిగా ఉండే షెంజెన్ వీసా కావాలి. అప్పట్లో మనిషికి 60 యూరోలు, దానికితోడు కనీసం 30,000 యూరోల కవరేజీతో ప్రయాణ ఇన్సూరెన్స్. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటే ఆ దేశం వీసాకే అప్లై చేయాలి. అందుకే ఆస్ట్రియాలో ఇంకో రెండు రాత్రులు ఉందామని మా ఆవిడ అడిగినా, జర్మనీ రాత్రులు తగ్గకుండా చూసుకున్నాం. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ తేదీ కూడా చూసుకోండి, వెళ్లడం సరే, తిరిగి రావాలి కదా.

మాతో మా మామగారు కూడా వచ్చారు. ఆర్టీసీ డిపో గ్యారేజీలో జీవితమంతా గడిపి మెకానికల్ సూపర్‌వైజర్‌గా రిటైరైన మనిషి. అప్పుడే విజయవాడ నుంచి మా దగ్గరికి వచ్చి ఉన్నారు, ఆయన్ని ఇంట్లో ఒక్కరినీ వదిలేసి వెళ్లలేం. బండి తీసుకునే చోటికి ఆయన లేకుండా వెళ్లకూడదని మా అమ్మాయి కూడా పట్టు పట్టింది.

డెలివరీ జరిగేది బీఎండబ్ల్యూ వెల్ట్‌లో. 2007లో కట్టారు, మెలి తిరిగిన గాజు, ఉక్కు భవనం, ఎదురుగా నాలుగు సిలిండర్ల ఆకారంలో కంపెనీ ఆఫీసు. యూ3 మెట్రో ఎక్కి ఒలింపియాత్సెంట్రుమ్‌లో దిగితే పక్కనే, టాక్సీకి డబ్బు తగలేయకండి. కారు తీసుకునేవాళ్లకి పైన ఒక లాంజ్ ఉంది, కాఫీలు, రొట్టెలు, చీజ్, పళ్లు ఎంత తిన్నా అడిగేవాడు లేడు. మా అమ్మాయి ఆపిల్ జ్యూస్ మీద పడితే మళ్లీ లేవలేదు. డబ్బు కట్టించుకున్నాక కూడా మనిషిని మనిషిలా చూసే చోటు ఇది, ఈ ఒక్క విషయంలో వాళ్లకి పూర్తి మార్కులు. మన టైము రాగానే ఒకావిడ వచ్చి మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. కింద లైట్ల మధ్య తిరిగే పళ్లెం మీద మన కారు మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఎంత హంగామా అని ముందు నవ్వుకున్నవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి ఫోన్ తీస్తారు. మా ఆవిడ ఎక్స్5 సంగతి ఓ గంటసేపు మర్చిపోయింది.

మమ్మల్ని తీసుకెళ్లినావిడ బ్లూటూత్, కెమెరాలు, సీట్ మెమరీ అన్నీ ఓపిగ్గా చూపించి, ఇంకేమైనా అడగాలా అంది. అప్పటిదాకా చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్న మామగారు డిక్కీ తెరిపించి, కార్పెట్ ఎత్తి చూశారు. "బాబూ, స్టెప్నీ ఏదీ?" అన్నారు. నేను ఇంగ్లీషులో అడిగాను. రన్‌ఫ్లాట్ టైర్లండీ, గాలి మొత్తం పోయినా కొంతదూరం నెమ్మదిగా నడుస్తుంది, అందుకే స్పేర్ ఉండదు అని ఆవిడ చెప్పింది. ఆయనకి తెలుగులో చెప్పాను. విని, కార్పెట్ జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, ఇంకేమీ అనలేదు. ఇక ట్రిప్పంతా ఎక్కడ ఆగినా నాలుగు టైర్లూ కాలితో తన్ని చూశాకే ఎక్కేవారు.

ఆటోబాన్ (జర్మన్ హైవే) మీద దూసుకుపోవచ్చని వెళ్లేవాళ్లకి ఒక మాట. కొత్త ఇంజిన్‌కి మొదటి 2,000 కిలోమీటర్లు గంటకి 160 దాటొద్దు, 4,500 ఆర్పీఎం దాటొద్దు అని మాన్యువల్లోనే రాసి ఉంటుంది. లిమిట్ లేని రోడ్డు మీద లిమిట్ ఉన్న బండి. కుడి లేన్‌లో బుద్ధిగా 140లో వెళ్తుంటే ఎడమ పక్కనుంచి ఎవరో డొక్కు వ్యాన్‌వాడు కూడా మనల్ని దాటేసి పోతాడు. కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేస్తే ఫైన్, అది మాత్రం మన అలవాటు కొద్దీ చేయకండి. హైవే పెట్రోల్ బంకుల్లో బాత్రూమ్‌కి అప్పట్లో 70 సెంట్లు, తిరిగి 50 సెంట్ల కూపన్ ఇచ్చేవారు. మామగారు ఆ కూపన్లన్నీ దాచి చివర్లో మనవరాలికి చాక్లెట్ కొన్నారు.

నొయ్‌ష్వాన్‌స్టైన్ కోట టికెట్ అప్పట్లో 13 యూరోలు, ముందే బుక్ చేసుకుంటే సరే, లోపల అరగంటలో తోలేస్తారు, ఫోటోలు తీయనివ్వరు. బయటినుంచి చూసినా పెద్దగా పోయేదేమీ లేదు.

డబ్బు పెట్టాల్సింది గ్రోస్‌గ్లోక్‌నర్ రోడ్డుకి. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, 2,504 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. టోల్ అప్పట్లో 36 యూరోలు. ఆస్ట్రియా హైవేలకి పదిరోజుల టోల్ స్టిక్కర్ అప్పట్లో 9 యూరోలు వేరే. అది బోర్డర్‌కి ముందే బంకులో కొని అద్దానికి అంటించుకున్నాం, లేకుండా పట్టుబడితే అప్పట్లో 120. జూన్ మొదటి వారంలో వెళ్లాం, రోడ్డుకి రెండువైపులా మనిషికంటే ఎత్తుగా మంచు గోడలు. గేర్లు మారుస్తూ మలుపులు తిప్పుతుంటే బండి కొన్నందుకు మొదటిసారి నిజంగా సంతోషమేసింది. వెనక సీట్లో మా ఆవిడకి మాత్రం కళ్లు తిరిగాయి. పైన ఒక హోటల్లో కైజర్‌ష్మార్న్ అనే పదార్థం చెప్పాం, 12.90 యూరోలు. గుడ్డు, పాలు, మైదాతో లావుగా వేసి పెనం మీదే ముక్కలు చేసి, పంచదార జల్లి, రేగిపళ్ల రంగు జామ్ లాంటిది పక్కన పెడతారు. మామగారు చూడగానే "ఇది తిరగేయడం రాక విరగ్గొట్టిన అట్టులా ఉందే" అన్నారు కానీ, రెండో ప్లేటు చెప్పించింది ఆయనే. ఆ ట్రిప్పులో ఆయన కడుపునిండా తిన్నది ఆ పూటే.

ఇక ఆ గెస్ట్‌హౌస్. హాల్‌స్టాట్‌కి వెళ్లే దారిలో ఒక సరస్సు ఒడ్డున ఊరు. రాత్రికి 148 చొప్పున రెండు రాత్రులకి 296 యూరోలు ముందే కట్టాను, నాన్ రిఫండబుల్. సాయంత్రం వెళ్లేసరికి ఓనరమ్మ మెట్ల మీదే నిలబడి, గది సంగతి తర్వాత, ముందు కారు పెట్టండి అంటూ బిల్డింగ్ వెనక్కి దారి చూపించింది. అది పార్కింగ్ స్థలం కాదు. ఇనుప పళ్లెం. ఒకదానిమీద ఒకటి రెండు కార్లు పెట్టే లిఫ్టు, ఆ దేశాల్లో అపార్ట్‌మెంట్ల కింద ఉంటాయి. మాకు ఇచ్చింది కింది అర. తాళంచెవి తిప్పి పట్టుకుంటే పళ్లెం పైకి లేస్తుంది, వాలుగా ఉన్న దానిమీదకి కారు ఎక్కించి, దిగి, మళ్లీ తాళం తిప్పితే మన బండి గోతిలోకి దిగుతుంది, నెత్తి మీద ఇంకెవరిదో బండి. అద్దాలతో కలిపి మన కారు రెండు మీటర్ల పైన వెడల్పు. రెండుపక్కల స్తంభాలు. ఓడోమీటర్ మీద ఇంకా వెయ్యి కూడా దాటలేదు.

ఏం చేద్దామా అని నేను చూస్తుండగా మామగారు వంగి, పళ్లెం పక్కన ఉన్న సిలిండర్ రాడ్ మీద వేలు పెట్టి రాసి, వాసన చూసి, నాకు చూపించారు. వేలంతా నూనె. కింద గోతిలో కూడా నల్లగా మడుగు. "హైడ్రాలిక్ ఆయిల్ కారుతోంది. సీలు పోయింది. బస్సయినా దీనిమీద నిలబెట్టనివ్వను, దీన్ని పెట్టకు" అన్నారు, ఆర్టీసీలో కుర్ర మెకానిక్‌తో మాట్లాడినట్టు. ఓనరమ్మకి ఆయన వేలు చూపించాను. ఏళ్లుగా అందరూ పెడుతున్నారు, మీకే వచ్చిందా అని ఎదురు తిరిగింది. బిల్డింగ్ ముందు ఖాళీగా ఉన్న రెండు చోట్లలో ఒకటి ఇవ్వమంటే అవి ఫ్లాట్ల వాళ్లవట. వాటిలో ఆ రెండురోజులూ ఒక్క కారూ ఆగలేదు, నేను చూస్తూనే ఉన్నాను.

చివరికి ఊరి మొదట్లో ఉన్న పబ్లిక్ పార్కింగ్‌లో పెట్టాం, రోజుకి 16 యూరోలు. అక్కడినుంచి ఎత్తు మీదకి సూట్‌కేసులు ఈడ్చుకుంటూ రావాలి, సన్నగా వాన. మా అమ్మాయి ఏడుపు, మా ఆవిడ మౌనం. ఏడుపే నయం. గదిలోకి వచ్చాక ఓనరమ్మ ఒక కాగితం ఇచ్చింది: క్లీనింగ్‌కి 70 యూరోలు, క్యాష్ మాత్రమే. ఆ సంగతి సైట్‌లో ఎక్కడో అడుగున జర్మన్‌లో ఉందట. ఊరి టూరిస్టు పన్ను పెద్దవాళ్లకి రాత్రికి రెండు యూరోల చిల్లర, అది న్యాయమే, అందరూ కట్టాల్సిందే. అన్నీ కలిపితే రాత్రికి రెండొందలు దాటింది. ఆ డబ్బుకి సాల్జ్‌బర్గ్‌లో మంచి హోటలొస్తుంది, నేలమీద పార్కింగ్‌తో సహా. బుకింగ్ సైట్‌కి ఫోటోలతో ఫిర్యాదు పెడితే, చాలా రోజులకి 25 యూరోల కూపన్ పంపారు, అది కూడా మూడు నెలల్లో వాడాలట.

సాల్జ్‌బర్గ్ బాగుంది. తిరిగి మ్యూనిక్ వచ్చి, బండి కడిగించి, సామానంతా తీసేసి అప్పగించాం. అక్కడి మనిషి టార్చి వేసి చుట్టూ చూసి, బండి మీది గీతలు నోట్ చేసే కాగితం మీద ఏమీ రాయకుండా సంతకం పెట్టించుకున్నాడు. ఇంటికొచ్చింది ఆగస్టు మూడో వారంలో. ఈలోగా రెండు నెలలు బండి సముద్రం మీద, ఈఎంఐ మాత్రం ఠంచనుగా మా బ్యాంకులోంచి.

ఉత్తర అమెరికా వాళ్లకి ఆ పథకం 2020లో ఆపేశారు కాబట్టి ఇక్కడినుంచి ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పడానికేం లేదు. జర్మనీలో ఉంటున్న మనవాళ్లు మాత్రం ఇప్పటికీ డీలర్ దగ్గర కాకుండా బీఎండబ్ల్యూ వెల్ట్‌లో తాళాలు తీసుకోవచ్చు, దానికి విడిగా రుసుము ఉంటుంది, నా దృష్టిలో పెట్టదగ్గ ఖర్చే. మెర్సిడెస్‌కి జిండెల్‌ఫింగెన్, ఆడికి ఇంగోల్‌స్టాట్ ఉన్నాయి. సెప్టెంబర్ రెండో సగంలో మ్యూనిక్ తేదీ ఇస్తే మాత్రం మార్చమనండి. అక్టోబర్‌ఫెస్ట్ పేరుకే అక్టోబర్, మొదలయ్యేది సెప్టెంబర్‌లోనే, ఊళ్లో గది రేట్లు చూస్తే కారు ధరే నయమనిపిస్తుంది.