గోవా నుంచి కొచ్చికి తెరచాప పడవ: గాలం సామాను రాణిగంజ్‌ది

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నవాళ్లకు గాలి తెలుస్తుంది, చుక్కాని తెలుస్తుంది, ఏటా వానాకాలంలో జరిగే పోటీల హడావుడీ తెలుస్తుంది. చేపలు పట్టడం మాత్రం తెలియదు. ఆ నీళ్లలో గాలం వేసి, పడినదాన్ని వండుకు తినాలన్న ఆలోచన బతుకు మీద ఆశ ఉన్న ఎవరికీ రాదు. మా బావ మర్చంట్ నేవీలో రిటైరై, 38 అడుగుల పాత పడవ ఒకటి కొనుక్కుని దానికి సేవ చేసుకుంటున్నాడు. దాన్ని గోవా నుంచి కొచ్చికి చేరుస్తున్నానని, నన్నూ రమ్మని ఫోన్ చేశాడు. "వచ్చేటప్పుడు గాలం సామాను పట్టుకురా. రాడ్డూ రీలూ వద్దు, చేత్తో లాగే గాలాలు రెండు చాలు. తుప్పు పట్టేదీ విరిగేదీ ఏదీ తేకు" అన్నాడు.

సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊళ్లో సముద్రపు గాలం ఎక్కడ దొరుకుతుంది? జాతీయ మత్స్యాభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే, అదీ చేప ఆకారపు భవనంలో ఉందనుకోండి. దానివల్ల మనకు గాలం దొరకదు.

ముందు వెళ్లింది సరదాగా చేపలు పట్టేవాళ్ల దుకాణానికి. అద్దాల అరలు, ఏసీ, మర్యాద అన్నీ ఉన్నాయి. సామాను మాత్రం కొర్రమీనుకు, బొచ్చెకు సరిపోయేది. సముద్రం అనగానే దుకాణదారు ఖరీదైన రీలు ఒకటి చేతిలో పెట్టాడు. వస్తువు మంచిదే. కానీ ఉప్పు తుంపర పడే పడవ వెనుక కమ్మీకి రోజుల తరబడి కట్టి ఉంచితే దాని లోపలి బేరింగులు ఎన్నాళ్లు తిరుగుతాయన్నది నా అనుమానం. అక్కడ కొన్నది ఎరలే: లోపల సీసపు తల, పైన రబ్బరు కుచ్చు ఉన్న స్క్విడ్ బొమ్మలు. గులాబీ రంగువి కొన్ని, ఆకుపచ్చ పసుపు కలిసినవి కొన్ని, తెల్లవారుజాముకూ మునిమాపుకూ ముదురు రంగువి రెండు.

అసలు పని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అయింది. పంపులు, పైపులు, బేరింగుల మధ్య ఇనుప తాళ్లు అమ్మే సందు ఒకటుంది. పార్కింగ్ గురించి అడగకండి, మెట్రో దిగి నడవడమే సుఖం. అక్కడి పెద్దాయన అయస్కాంతం తీసి స్టీలు తీగకు తాకించి, "అంటుకోలేదు చూడండి సార్, అసలు సరుకు" అన్నాడు. 304 రకం స్టీలు కూడా అయస్కాంతానికి సరిగా అంటుకోదు. ఉప్పునీటికి కావలసింది మాలిబ్డినం కలిసిన 316. ఆ మాట అనగానే ఆయన కళ్లజోడు సర్దుకుని లోపలికి వెళ్లి వేరే చుట్ట తెచ్చాడు. ముడి వేయడానికి బదులు దారాన్ని బిగించే ఫెర్రూళ్లు అల్యూమినియంవి చవక. కానీ ఉప్పునీటిలో స్టీలుకు తగిలిన అల్యూమినియం త్వరగా తినేసుకుపోతుంది. రాగివే తీసుకున్నాను. వాటిని నొక్కే పట్టుకారు కూడా ఆయన దగ్గరే దొరికింది. బేరానికి లొంగడు, కానీ కోసిన ప్రతి ముక్కనూ మన ఎదుటే కొలుస్తాడు. నాకు అదే నచ్చింది.

నైలాన్ దారం బేగంబజార్‌లో, చెరువుల్లో చేపలు పట్టేవాళ్లకు వలలు అమ్మే కొట్టులో తూకం లెక్కన తెచ్చాను. 2 మిల్లీమీటర్ల మందం, నూరు కిలోలకు పైగా బరువు ఆపుతుంది. ఒక్కో గాలానికి 30 మీటర్లకు పైగా కావాలి. అంత మందం చేపను ఆపడానికి కాదు, మన వేళ్లు తెగకుండా ఉండటానికి. దాని చివర దారం మెలిపడకుండా తిరిగే స్వివెల్, ఆ తర్వాత రెండు మూడు మీటర్ల లీడర్, అంటే ఎరను కట్టే సన్నటి దారం. ఏ సొరచేపో పట్టుకుంటే తెగాల్సింది ఆ లీడరే, అప్పుడు పోయేది ఒక్క ఎర. వంజరం పళ్లు నైలాన్‌ను కత్తెరలా కోస్తాయి కాబట్టి ఎర దగ్గర జానెడు స్టీలు తీగ. పడవ వైపున షాక్ తట్టుకోవడానికి పద్మారావునగర్‌లో పంక్చర్లు వేసే అబ్బాయి ఉచితంగా ఇచ్చిన పాత సైకిల్ ట్యూబు. మొత్తం సామానులో ఒక్కసారి కూడా మొరాయించనిది అదే.

కోయడం చూద్దామని ఒక ఉదయం రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు వెళ్లాను. ఆదివారం వెళ్లకండి, అడుగు పెట్టే చోటుండదు. అక్కడ చేపలు కోసే ఒకామె, "తమ్ముడూ, బతికున్న చేపకైతే ముందు ఇక్కడ" అంటూ మొప్పల కింద వేలు పెట్టి రక్తనాళం ఎక్కడుందో చూపించింది. రక్తం కారిపోతే మాంసం రుచీ బాగుంటుంది, నిలవా ఉంటుంది. డబ్బులిస్తే తీసుకోలేదు, రెండు కిలోల రవ్వ చేప కొనిపించింది.

సికింద్రాబాద్ నుంచి వాస్కోకు నేరుగా వెళ్లే రైలు వారానికి రెండు రోజులు ఉంది. విమానమైతే కొక్కేలు, కత్తి, గాఫ్ (చేపను పైకి లాగే కొక్కెం కర్ర) చేతిసంచిలో రానివ్వరు, లగేజీలో వేయాల్సిందే. రైలే నయం. దూద్‌సాగర్ దగ్గర కిటికీ చోటు కోసం జరిగే తోపులాట కూడా ప్రయాణంలో భాగమే అనుకోవాలి. వాస్కో స్టేషన్ దగ్గర దిగిన లాడ్జి చవకే గానీ, రాత్రంతా నీళ్ల మోటారు శబ్దం. తెల్లారి జువారి నదిలో లంగరేసి ఉన్న పడవ మీదికి మారిపోయాను. ఇరుకైనా గాలి వస్తుంది. ఐసు, అల్లం, పచ్చిమిర్చి ఖారివాడ జెట్టీ దగ్గరే తీసుకున్నాం.

గోవా నుంచి కొచ్చికి దాదాపు 350 నాటికల్ మైళ్లు. చలికాలంలో గాలి ఎక్కువగా ఉత్తరం, వాయవ్యం నుంచే కాబట్టి దక్షిణానికి పోవడం హాయి. 5, 6 నాట్ల వేగంలో గాలాలు వదిలి, ఎరను పడవ వెనుక లేచే రెండో మూడో అల ముందు వాలు మీద ఆడేలా దారం సర్దితే చాలు. చేప పడితే తెలియడానికి బట్టల క్లిప్పు పెట్టాం. టప్పున ఊడింది కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దాటాక, తెల్లవారుతుండగా. ట్యూబు మూరెడు సాగింది. బావ ముందు తెరచాప చుట్టి వేగం తగ్గించాడు. నేను తోలు గ్లౌజులతో లాగుతూ, దారాన్ని చేతికి చుట్టుకోకుండా కాళ్ల దగ్గరున్న బకెట్‌లోకి పడేస్తూ వచ్చాను. చుట్టుకుంటే వేళ్లు పోతాయి. సూర చేప (ట్యూనా), మూడు కిలోలుంటుంది. కళ్ల మీద తడిబట్ట కప్పగానే కొట్టుకోవడం తగ్గింది. మొప్పల్లో నాటుసారా పోస్తే వెంటనే చల్లబడుతుందని పడవలవాళ్లు అంటారు. బావ ఫెనీ సీసా తీశాడు గానీ, మూత తీయడానికి మనసొప్పక మళ్లీ పెట్టేశాడు.

సూరను వెంటనే ఐసులో పెట్టాలి. ఎండలో వదిలేస్తే అందులో హిస్టమిన్ పెరుగుతుంది, ఎంత ఉడికించినా పోదు. ముఖం ఎర్రబడి, దద్దుర్లు వస్తాయి. పులుసు మధ్యాహ్నానికి, వేపుడు రాత్రికి. ఆ మర్నాడు వంజరం పడింది గానీ పడవ దాకా వచ్చి తప్పించుకుంది. చీకటి పడేలోపు గాలాలు లోపలికి లాగేసేవాళ్లం. కేరళ తీరంలో రాత్రి వలలు ఎటు చూసినా ఉంటాయి. మన దారం వాటిలో చిక్కుకుంటే అది వాళ్లకూ నష్టం, ఇంజన్ ఫ్యానుకు చుట్టుకుంటే మనకూ నష్టం.

కొచ్చిలో బోల్గట్టి దీవి మెరీనాలో పడవ కట్టాం. నీళ్లు, కరెంటు గట్టు మీదే. పక్కనున్న పాత డచ్చి ప్యాలెస్ హోటల్లో గది అందంగా ఉంటుంది, అద్దె కూడా అందుకు తగ్గట్టే. నేను ఫోర్ట్ కొచ్చిలో ఇంటివాళ్లు నడిపే గదిలో దిగాను. పుట్టూ కడలా, శుభ్రమైన పరుపు, రాత్రి పదికి గేటు వేసేస్తారన్న షరతు. నాకు అదే సరిపోయింది. తోప్పుంపడి హార్బర్ దగ్గర సామాను దుకాణాలు చూస్తే మాత్రం కాస్త కడుపు మండింది. హైదరాబాద్‌లో వెతికి వెతికి కొన్న మందపాటి కొక్కేలు ఇక్కడ డబ్బాలకు డబ్బాలు, ధర సగం. కొచ్చి నుంచి బయలుదేరేవాళ్లు కొక్కేలు, స్వివెళ్లు ఇక్కడే కొనుక్కోవాలి. రాగి ఫెర్రూళ్లు మాత్రం నేను తిరిగిన దుకాణాల్లో ఎక్కడా లేవు.